అరవై నాలుగు బావుల మనిషి

మా కౌంటీ చెత్తంతా పోసే చోటును ఊళ్లో అందరూ గుట్ట అంటారు. పేరుకే కాదు, అది నిజంగా గుట్టే. లోపల నలభై ఏళ్ల చెత్త, దాని మీద బంకమట్టి, మట్టి మీద గడ్డి. దారినపోయే వాళ్లు చూస్తే ఎవరో మేకల్ని మేపుకునే కొండ అనుకుంటారు. గడ్డిలోంచి అక్కడక్కడ నడుమెత్తు ప్లాస్టిక్ గొట్టాలు లేచి ఉంటాయి. మేము వాటిని బావులంటాం. నీళ్లు తోడే బావులు కావవి. లోపల కుళ్లిన చెత్తలో పుట్టే గ్యాసును పైకి పీల్చే బావులు. మొత్తం అరవై నాలుగు. ఆ అరవై నాలుగింటినీ ఇరవై రెండేళ్లుగా చూసుకుంటున్న మనిషి ఓరిన్ ట్రెస్లర్.

నేను అదే గుట్ట మీద చెత్తను తొక్కే ఇనప చక్రాల బండి నడుపుతాను. నా సీటు బాగా ఎత్తు. అక్కణ్ణుంచి గుట్ట నాలుగు వైపులా కనిపిస్తుంది. పదిహేనేళ్లుగా ఓరిన్‌ను నేను ఎక్కువగా చూసింది ఆ బండి ముందద్దంలోంచే. చలికాలంలో గోధుమరంగు కోటు, ఎండాకాలంలో అదే రంగు చొక్కా, భుజాన గ్యాసు కొలిచే మీటరు సంచి, చేతిలో విరిగిన గొడ్డలి పిడి. ఒక బావి దగ్గర ఆగుతాడు, వంగుతాడు, లేస్తాడు, ఇంకో బావికి నడుస్తాడు. ఎప్పుడు చూసినా ఒక్కడే.

ఆ పిడి ఎందుకో మొదట్లో నాకు తెలియలేదు. ఓ రోజు బండి దిగి వెళ్లి అడిగాను. అతను చెప్పలేదు, చేసి చూపించాడు. పిడి ఒక కొస గొట్టానికి ఆనించి, రెండో కొస నా చెవి వెనకున్న ఎముకకు పెట్టాడు. లోపల ఏదో సన్నగా ఈల వేసినట్టు వినిపించింది. దాని అడుగున అప్పుడప్పుడు గుడగుడమని ఒక చప్పుడు.

"ఆ గుడగుడ విన్నావా? గొట్టం ఎక్కడో కుంగి అక్కడ నీళ్లు నిలిచాయి. మీటరు ఆ సంగతి చెప్పదు. గ్యాసు తగ్గిందని మాత్రం చెబుతుంది. తగ్గింది కదా అని వాల్వు తిప్పావనుకో, నీ పని అయిపోయినట్టే" అన్నాడు.

అతను అంత పొడవు మాట మాట్లాడడం నాకు తెలిసి ఆ ఏడాదిలో అదే.

పని వివరం ఇంతే. ఒక్కో బావికి ఒక వాల్వు ఉంటుంది. వాల్వు చాలినంత తెరవకపోతే గ్యాసు పక్క దారులు పట్టి బయటికొచ్చి ఊరంతా కంపు కొడుతుంది. మరీ తెరిస్తే పీల్పు ఎక్కువై, పైన మట్టి పగుళ్లలోంచి గాలి లోపలికి దిగుతుంది. గాలి తగిలితే లోపలి చెత్త రాజుకుంటుంది. భూమి లోపలి నిప్పు కంటికి కనిపించదు, నీళ్లు పోస్తే ఆరదు. ఈ రెండింటి మధ్య వాల్వుకు సరైన చోటు ఒకటి ఉంటుంది. అది రోజూ ఒకే చోట ఉండదు. వాన పడితే జరుగుతుంది, మంచు గడ్డ కడితే జరుగుతుంది. దాన్ని అరవై నాలుగు సార్లు వెతకడమే ఓరిన్ ఉద్యోగం.

ఈ పని అతనికి ఎవరూ నేర్పలేదు. వాళ్ల నాన్న పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో ఆఖరి తరం మనిషి. దగ్గుతూ బతికి దగ్గుతూ పోయాడు. ఓరిన్ పదో తరగతిలో బడి మానేసి ఎవరెవరి పాల కొట్టాల్లోనో పని చేసి, ఇరవై నాలుగో ఏట గుట్టకు వచ్చాడు. గాలికి ఎగిరి కంచెకు చిక్కుకున్న ప్లాస్టిక్ సంచులు ఏరడం అతని మొదటి పని. పదహారేళ్ల తర్వాత ఒక కంపెనీ వచ్చి బావులు తవ్వింది. ఆర్నెల్లు ఉండి, ఇంత మందాన ఒక పుస్తకం ఆఫీసు బల్ల మీద పడేసి వెళ్లిపోయింది. దాన్ని ఎవరూ తెరవలేదు. ఓరిన్ ఇంటికి తీసుకెళ్లి, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక చలికాలమంతా చదివాడు. వసంతం వచ్చేసరికి బావులు అతనివయ్యాయి.

అతనికి పెళ్లయింది. భార్య పేరు జనెల్. తొమ్మిదేళ్లు కాపురం చేసి ఒహాయో వెళ్లిపోయింది. గుట్ట కంపు భరించలేక వెళ్లిందని ఊళ్లో చెప్పుకుంటారు. ఒకసారి నేను అదే మాట అంటే ఓరిన్ తల అడ్డంగా ఊపాడు.

"కంపు కాదు. ఇంట్లో తనతో మాట్లాడేవాడు లేక వెళ్లింది. తప్పు తనది కాదు" అని మీటరు సంచి భుజాన వేసుకున్నాడు.

ఇన్నేళ్లు కష్టపడి పీల్చిన గ్యాసంతా ఏమయ్యేదంటే, గుట్ట కింద ఒక పొడవాటి గొట్టం చివర మండిపోయేది. ఇరవై ఒక్కేళ్లు, పగలూ రాత్రీ. దాన్ని ఊరికే వదిలేయడం కంటే కాల్చేయడం నయమని ప్రభుత్వ నియమం. కరెంటు చేసి ఊరికి ఇవ్వొచ్చు కదా అని చాలామంది అడిగారు. పెద్ద తీగ ఉన్న చోటుకు తొమ్మిది మైళ్లు. ఇంత కొంచెం గ్యాసు కోసం అంత దూరం స్తంభాలు పాతలేమని కరెంటు కంపెనీ రెండుసార్లు చెప్పింది. ఓరిన్ ఆ మంట వైపు చూసేవాడు కాదు. భోజనానికి కూర్చున్నా దానికి వీపు పెట్టి కూర్చునేవాడు.

"పొద్దున్నుంచి పాలు పితికి, సాయంత్రం కాలవలో పోసినట్టుంటుంది" అన్నాడు ఒకసారి.

ఆ పోలిక అతనికి రోవీనా క్రెట్జర్ దగ్గర వచ్చి ఉంటుంది. గుట్టకు తూర్పున, కంచె అవతల, ఆమె పొలం. భర్త పోయాక మందలో చాలావాటిని అమ్మేసి ఏడు ఆవుల్ని ఉంచుకుంది. గట్టి మనిషి, నోరు కూడా గట్టిదే. పన్నెండేళ్ల కింద ఒక తుఫానుకు ఆమె కొట్టం తలుపు ఊడిపోతే ఓరిన్ వెళ్లి బిగించి వచ్చాడు. ఆమె డబ్బు ఇవ్వబోతే వద్దన్నాడు. అయితే గురువారం భోజనానికి రమ్మంది. వెళ్లాడు. ఆ తర్వాతి గురువారం కూడా వెళ్లాడు. అలా పన్నెండేళ్లు. వెన్నలో వేయించిన క్యాబేజీ, నూడుల్సు, ఒక్కోసారి బంగాళాదుంప కూరిన పియరోగీలు. తిన్నాక ఇద్దరూ క్రిబేజ్ ఆడతారు. పేకముక్కలు వేస్తూ, చెక్క పలకలో పుల్లలు గుచ్చుతూ ఇద్దరే ఆడే ఆట. వాళ్ల మధ్య ఇంకేమైనా ఉందా అని ఊళ్లో వాళ్లు చాలాకాలం ఆరా తీసి, ఏమీ దొరక్క మానేశారు. నాకు తెలిసినంతలో వారం మొత్తం మీద ఓరిన్ ఇంకో మనిషి ఎదురుగా కూర్చుని అన్నం తినేది ఆ ఒక్క పూటే. ఏ జ్వరం వచ్చినా ఆ పూట తప్పేవాడు కాదు.

పోయిన ఏడాది సెప్టెంబరులో డెక్స్ హాలొరన్ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, మట్టి అంటని బూట్లు, అందరినీ పేరుపెట్టి పిలుస్తాడు. అతని కంపెనీ మంట గొట్టం పక్కనే రెండు ఇంజన్లు, నాలుగు పెద్ద ఇనప పెట్టెలు దింపింది. లారీల మీద వచ్చే కంటైనర్లంత ఉంటాయి. ఇంజన్లు గ్యాసుతో నడిచి కరెంటు చేస్తాయి. ఆ కరెంటుతో పెట్టెల్లోని కంప్యూటర్లు నడుస్తాయి. కంప్యూటర్లు బిట్‌కాయిన్ తవ్వుతాయి. కరెంటు ఊరికి పోలేదు కాబట్టి, కరెంటు తినే పనే గుట్ట దగ్గరికి వచ్చిందన్న మాట.

మంట ఆరిపోయిన రోజు ఓరిన్ గొట్టం కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు. ఇరవై ఒక్కేళ్లలో అటు చూడడం అదే మొదటిసారి.

ఆ గురువారం నేను కూడా రోవీనా ఇంట్లో ఉన్నాను. కొట్టం పైకప్పు రేకులు ఎక్కించడానికి వెళితే భోజనం పెట్టింది.

"ఏం తయారు చేస్తారట ఆ పెట్టెల్లో?" అని అడిగింది.

"లెక్కలు" అన్నాడు ఓరిన్.

"ఏం లెక్కలు?"

"నాకేం తెలుసు. కంప్యూటర్లు పొద్దస్తమానం ఏదో అంకె కోసం వెతుకుతాయట. ముందు ఎవడికి దొరికితే వాడికి బిట్‌కాయిన్ వస్తుంది."

"దాన్ని తింటారా?"

"తినరు."

"పొయ్యిలో పెడతారా?"

"రోవీనా, నీ ఆవుపాలు తాగని వాళ్లు కూడా లోకంలో ఉన్నారు."

"ఉంటే నీళ్లు తాగుతారు. అంకెలు తాగరు" అంది ఆమె. "ఎవరికీ అక్కర్లేని గ్యాసుతో ఎవరికీ అక్కర్లేని సరుకు చేస్తున్నారన్న మాట. బాగుంది. ముక్క వెయ్యి, నీ వంతు."

ఓరిన్ నవ్వాడు. అతని నవ్వు అరుదు. ఆ సాయంత్రం రెండుసార్లు నవ్వాడు.

కంప్యూటర్లు వేడెక్కకుండా ఒక్కో పెట్టెకు పన్నెండు పంకాలు పెట్టారు. వారం తిరక్కుండానే వాటి సంగతి అందరికీ తెలిసింది. అది ఉరుములాంటి చప్పుడు కాదు. పళ్ల డాక్టరు యంత్రం దూరంగా తిరుగుతున్నట్టు ఒకే కూత, ఆగదు. గాలి పడమటి నుంచి వీస్తే కంచె దాటి నేరుగా రోవీనా వంటింట్లోకి వెళ్లేది. ఆమె కిటికీలకు బొంతలు కట్టింది. గురువారాలు ఇద్దరూ కాస్త అరిచి మాట్లాడుకోవలసి వచ్చింది. తర్వాత తర్వాత అరవడం మానేసి ఊరికే ముక్కలు వేసుకునేవారు.

నవంబరులో ఆమె ఆవు ఒకటి పట్టపగలు కొట్టంలో ఈనడానికి నొప్పులు పడింది. దూడ అడ్డం తిరిగింది. ఇదివరకైతే ఆవు మూలిగితే వంటింట్లోకి వినిపించేది. రోవీనా పరుగున వెళ్లి దూడ కాళ్లు సరిచేసి లాగేది. అలా ఎన్నింటిని లాగిందో ఆమెకే లెక్క లేదు. ఈసారి వినిపించలేదు. మధ్యాహ్నం మేత వేయడానికి వెళ్లేసరికి దూడ చచ్చిపోయి ఉంది. ఆ మర్నాటి నుంచే ఆమె ఇల్లిల్లూ తిరిగి సంతకాలు సేకరించడం మొదలుపెట్టింది. పెట్టెలు నాలుగూ పోవాలని ఆమె పట్టు.

ఓరిన్‌కూ వినిపించడం లేదు. అది ఎవరికీ చెప్పలేదు. నా అద్దంలోంచి నేనే గమనించాను. పిడి గొట్టానికి ఆనించి అంతకు ముందు పది లెక్కపెట్టేంతసేపు వినేవాడు. ఇప్పుడు నిమిషం, రెండు నిమిషాలు అలాగే వంగి ఉండేవాడు. పంకాల కూత గుట్ట మట్టిలోంచి కూడా గొట్టాల్లోకి ఎక్కేది. పిడి పెడితే ఆ కూతే వినిపించేది. జనవరి నుంచి పిడి తేవడం మానేశాడు. మీటరు ఒక్కటే తెచ్చేవాడు.

ఫిబ్రవరిలో నలభై ఒకటో బావి గ్యాసు సగానికి పడిపోయింది. పెట్టెలకు చాలడం లేదని డెక్స్ రోజూ ఫోను చేస్తున్నాడు. ఓరిన్ మీటరు చూశాడు, వాల్వు పావు చుట్టు తిప్పాడు. చాల్లేదు. ఇంకో పావు తిప్పాడు. గ్యాసు సరిపోయింది. నిజానికి అక్కడ గొట్టం కుంగి నీళ్లు నిలిచాయి. చెవికి అందే సంగతి అది, మీటరుకు అందదు. నాకు ఏళ్ల కింద అతను చెప్పిన తప్పునే ఇప్పుడు అతను చేశాడు. నెల చివర మంచు కరిగి, గొట్టంలో నీళ్లు జారిపోయాయి. అడ్డు తొలగేసరికి అంత పీల్పూ ఒక్కసారిగా బావి మీద పడింది. గాలి దిగింది.

మార్చి మొదటివారం మళ్లీ మంచు కురిసింది. నేను పొద్దున్నే బండి ఎక్కి చూస్తే గుట్టంతా తెల్లగా ఉంది, నలభై ఒకటి చుట్టూ మాత్రం బండి చక్రమంత గుండ్రంగా తడి నేల. ఓరిన్ అప్పటికే అక్కడ ఉన్నాడు. చేతి తొడుగు తీసి గొట్టం మీద అరచెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు.

"మట్టి తీసుకురా. నాలుగు లారీలు" అన్నాడు.

"ఎవరికైనా చెప్పాలా?"

"రాయాల్సింది రాస్తాను. ముందు మట్టి."

వాల్వు మూసేశాడు. చుట్టుపక్కల అయిదు బావుల పీల్పు తగ్గించాడు. నేను రెండు రోజులు బంకమట్టి పోసి తొక్కాను. ప్రభుత్వానికి పంపే రోజువారీ పుస్తకంలో ఉన్నదున్నట్టు రాశాడు: వాల్వు ఎవరు తిప్పారు, ఎప్పుడు, ఎంత, ఎందుకు. కింద సంతకం. ఆ పుస్తకం ఎవరూ చదవలేదు. అతను ఇరవై రెండేళ్లు రాసిన దాన్ని ఎవరూ ఎప్పుడూ చదివినట్టు లేదు.

ఆ నెలలోనే కంపెనీ ఊరి వ్యవహారాలు చూసే టౌన్‌షిప్ బోర్డుకు దరఖాస్తు పెట్టింది. నాలుగు పెట్టెలు పదికి పెంచుకుంటామని. ఏప్రిల్ రెండో మంగళవారం మధ్యాహ్నం ఫైర్ స్టేషన్ హాలులో అందరి మాటా విని బోర్డు ఓటు వేస్తుందని నోటీసు అంటించారు.

దానికి ముందు గురువారం జరిగింది ఓరిన్ తర్వాత నాకు చెప్పాడు. మట్టి పోసిన మనిషిని కాబట్టి చెప్పాడనుకుంటాను. నలభై ఒకటో బావి సంగతి అతను రోవీనాకు ఆ రోజే చెప్పాడు. ఆమె పేకముక్కలు బల్ల మీద పెట్టేసింది.

"ఇది మంగళవారం అక్కడ చెప్పు. గుట్ట కింద నిప్పంటే చాలు, నాలుగు పెట్టెలూ మర్నాడే లారీ ఎక్కుతాయి."

"చెబుతాను. కానీ అంతవరకే చెబితే అది సగం మాట అవుతుంది."

"మిగతా సగం ఏమిటి?"

"నాలుగింటికి గ్యాసు సరిపోతుంది. పదికి సరిపోదు. నాలుగూ తీసేస్తే మళ్లీ మంట వెలిగిస్తారు. ఆ మంట సగం కాల్చి సగం వదిలేస్తుంది, నేను కొలిచాను. ఇంజను నయం."

"నా దూడ సంగతి?"

"పంకాలు గుట్ట వైపు తిప్పించొచ్చు. మట్టి కట్ట వేయొచ్చు."

"ఓరిన్, నేను నీ ఇంజనీరును కాను. నాకు లెక్కలు చెప్పకు. నువ్వు నా పక్కన నిలబడతావా లేదా?"

"ఉన్నది చెబుతాను."

"ఆ పెట్టెల తరఫున ఒక్క మాట నీ నోట్లోంచి వచ్చిందంటే, ఇక గురువారం నా గుమ్మం ఎక్కకు."

ఆట పూర్తి చేద్దామా అని ఓరిన్ అడిగాడట. ఆమె పలక తీసి అలమారులో పెట్టేసిందట.

"మరి ఏం చేస్తావు?" అని అడిగాను.

"అదే చూస్తున్నా" అన్నాడు. ఆ వారం అతను అరవై నాలుగు బావులూ రోజుకు రెండేసి సార్లు తిరిగాడు.

మంగళవారం హాలు నిండిపోయింది. ఫైరింజన్లను బయట నిలబెట్టి లోపల కుర్చీలు వేశారు. బోర్డు పెద్ద ఫ్లాయిడ్ యోస్ట్. అతనికి దాణా కొట్టు ఉంది, ఆ హాలులో సగం మంది అతని ఖాతాదార్లే. ముందు డెక్స్ లేచాడు.

"మీరు ఆ గ్యాసును ఇరవై ఏళ్లు ఊరికే తగలబెట్టారు. మేము తగలబెడుతూ దానితో పని చేయించుకుంటున్నాం, అంతే తేడా. కౌంటీకి అద్దె కడుతున్నాం. ఇందులో ఎవరికి నష్టం?"

"నాకు" అన్నాడు వెనక వరసలోంచి ఒకాయన. "మా ఆవిడ పొద్దున్నుంచి ఏం తిడుతుందో నాకు వినబడటం లేదు."

"అది లాభం కింద రాసుకో" అని ఇంకెవరో అన్నారు. హాలంతా నవ్వింది. ఫ్లాయిడ్ బల్ల మీద తట్టాడు.

"మీ దగ్గర చప్పుడు కొలిచే యంత్రం ఉందా డెక్స్?" అని ఒకామె అడిగింది.

"ఉందండీ. అనుమతించిన దానికి లోపే ఉంది."

"అయితే ఒక నెల ఆ యంత్రాన్ని నా మంచం మీద పడుకోబెట్టు. నువ్వు దిగిన హోటల్లో నేను పడుకుంటా."

తర్వాత రోవీనా లేచింది. కాగితం తెచ్చుకుంది కానీ చూడలేదు. దూడ సంగతి చెప్పింది. ఎలా అడ్డం తిరిగిందో, అరగంట ముందు తెలిస్తే ఏం చేసేదో చేతులతో చూపించింది. చివర, "నేను చదువుకున్న దాన్ని కాదు. నా కొట్టంలో ఏం జరుగుతోందో నాకు వినబడాలి. అంతే" అని కూర్చుంది. ఎవరూ నవ్వలేదు.

ఓరిన్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఫ్లాయిడ్ అతని పేరు పిలిచాడు.

"ట్రెస్లర్ గారూ, మీరేమైనా చెబుతారా?"

"నా పేరు ఓరిన్ ట్రెస్లర్. గుట్ట మీద బావులు చూస్తాను."

"ఆ సంగతి మాకు తెలుసులేవయ్యా" అన్నారెవరో. "నీకు మాటలొచ్చని తెలియదు."

ఓరిన్ అటు చూడలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నలభై ఒకటో బావి కింద నిప్పు ఉంది. మార్చిలో అంటుకుంది. నేనే అంటించాను. గొట్టంలో నీళ్లున్నాయి, గ్యాసు తగ్గిందనుకుని వాల్వు ఎక్కువ తిప్పాను. మట్టి కప్పాం. చల్లారుతోంది. ఇంకా ఆరలేదు."

హాలులో గుసగుసలు లేచాయి. డెక్స్ మొహం తెల్లబోయింది. రోవీనా కళ్లెత్తి ఓరిన్ వైపు చూసింది. ఆమె మొహంలో నాకు కనిపించింది సంతోషమే.

"పది పెట్టెలకు గుట్టలో గ్యాసు లేదు" అన్నాడు ఓరిన్. "తెమ్మంటే ఎవడైనా వాల్వులు తిప్పే తెస్తాడు. అప్పుడు నలభై ఒకటి లాంటివి పది అవుతాయి. కాబట్టి పది వద్దు."

అక్కడ ఆగాడు. అతను అక్కడితో మానేసి ఉంటే సరిపోయేది. నేను మనసులో ఇక చాలు అనే అనుకున్నాను.

"నాలుగు ఉండాలి" అన్నాడు. "తీసేస్తే మళ్లీ మంటే. అది దీనికంటే చెడ్డది. పంకాలు గుట్ట వైపు తిప్పి, తూర్పున మట్టి కట్ట వేయాలి. రోజూ పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా అన్నీ ఆపేయాలి. ఆ రెండు గంటల్లో నేను బావులు వింటాను. వినకుండా నేను ఈ పని చేయలేను. చేయకూడదు. అంతే."

టోపీ పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాడు.

బోర్డు అరగంట లోపలికి వెళ్లి వచ్చింది. ఓరిన్ చెప్పినట్టే చేసింది. పది కుదరదు. నాలుగు ఉంటాయి. కట్ట వేయాలి, పొద్దున రెండు గంటలు ఆపాలి. ఎవరికీ కావలసింది దొరకలేదు. జనం కుర్చీలు మడుస్తూ ఓరిన్ చుట్టూ ఖాళీ వదిలి నడిచారు.

డెక్స్ దగ్గరికి వచ్చాడు. "నువ్వు మా వైపనుకున్నాను ఓరిన్."

"నలభై ఒకటి వైపున్నాను. రేపు దాని వేడి చూడాలి."

రోవీనా కోటు వేసుకుని మా ముందు నుంచే వెళ్లింది. ఆగింది.

"రెండు గంటలు" అంది. "ఇరవై నాలుగింట్లో రెండు. అవి కూడా నీ బావుల కోసం."

"నీ కోసం కూడా."

"నా ఆవులు ఏడు నుంచి తొమ్మిదిలోపే ఈనాలని వాటికి చెబుతావా?" కోటు బొత్తాలు పెట్టుకుంది. "నీ గిన్నె నా దగ్గరుంది. పంపిస్తాను."

గిన్నె నా చేతే పంపింది. కడిగి, గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఓరిన్ దాన్ని తీసుకుని, ట్రక్కు సీటు మీద పెట్టి, థాంక్స్ అన్నాడు.

నేను మే నెలలో మట్టి కట్ట వేశాను. పన్నెండు అడుగుల ఎత్తు, పైన గడ్డి విత్తనం చల్లాం. పంకాలు తిప్పారు. కూత చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. నలభై ఒకటి జూన్ చివరికి చల్లారింది. ఓరిన్ దాని వాల్వును వెంట్రుకవాసి తెరిచి, మూడు రోజులు దాని పక్కనే భోజనం చేశాడు.

ఇప్పుడు అక్టోబరు. అతనికి అరవై రెండు నిండాయి. వచ్చే ఏడాది మానేస్తాడు. కంపెనీ వాటంతటవే తిరిగే వాల్వులు తెప్పిస్తానంటోంది. అవి పని చేస్తాయా అని అడిగితే, "చేస్తాయి. నీళ్లు లేని చోట" అన్నాడు.

గురువారం ఏం తింటున్నావని ఒకసారి అడిగాను.

"ఉన్నది" అన్నాడు.

"వెళ్లి తలుపు తట్టొచ్చు కదా. ఆర్నెల్లయింది. ఆమెకు కోపం తగ్గే ఉంటుంది."

"రావద్దంది. రమ్మని ఇంకా అనలేదు."

"ఆమె అనదు. ఆమె సంగతి నీకు తెలియదా?"

"తెలుసు" అన్నాడు. "నేను సగం మాటతో ఆపుంటే సరిపోయేది. తెలిసే మొత్తం చెప్పాను."

పొద్దున ఏడింటికి పంకాలు ఆగుతాయి. చెవులు ఒక్కసారిగా ఖాళీ అయినట్టుంటుంది. నేను కూడా నా బండి స్టార్టు చేయను, ఎవరూ చెప్పకుండానే ఆ అలవాటు అయింది. ఓరిన్ పడమటి బావులతో మొదలుపెడతాడు. తూర్పు కంచె దగ్గరున్న చివరి బావికి వచ్చేసరికి ఎనిమిదీ ముప్పావు అవుతుంది. సరిగ్గా ఆ వేళకు కట్ట అవతల రోవీనా పాలు పితకడం ముగించి ఆవుల్ని పచ్చికలోకి వదులుతుంది. ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలుస్తుంది, మధ్యమధ్య తిడుతుంది. మనిషి కనిపించదు, గొంతు మాత్రం గుట్ట మీదికి స్పష్టంగా వస్తుంది. ఓరిన్ పిడి కిందికి దించి, గొట్టం పక్కన నిటారుగా నిలబడతాడు. ఏడు పేర్లూ అయ్యేదాకా కదలడు. తర్వాత పుస్తకం తీసి ఆ బావి అంకె రాసుకుంటాడు. తొమ్మిదికి పంకాలు మొదలవుతాయి.